కమాండర్ కథకి హాస్యపు వంత

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్‌లోని పెద్దాసుపత్రిలో భోజనం ట్రేలు తోసుకొచ్చే భ్రమరాంబను చూసి, ఈవిడకి అసలు నోట్లో నాలుక ఉందా అని అనుమానపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. "గుడ్ మార్నింగ్ డార్లింగ్, టీ ఆర్ కాఫీ?" అన్నదే ఆవిడ సంభాషణ మొత్తం. ట్రే పెట్టేది, మూత తీసేది, ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయేది. తోటి పనివాళ్ళు ఆవిణ్ణి చాలా మంచి మనిషి అనేవారు. మాట్లాడని మనిషిని లోకం ఎలాగూ మంచి మనిషనే అంటుంది.

ఇదే మనిషి భట్టిప్రోలు పక్కన ఒక ఊళ్ళో, పదేళ్ళ వయసులో, నిండు సభను ఒక్క మాటతో పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిందని చెబితే డార్విన్‌లో నమ్మేవాడు లేడు. చెప్పేవాడూ లేడనుకోండి. చెప్పాల్సిన మొగుడు కేశవరావు ఆవిడకన్నా మితభాషి. విశాఖ రేవులో ఎలక్ట్రీషియన్‌గా చేసి, అదే పని మీద డార్విన్ రేవుకు వచ్చి, రిటైరైపోయి, ఇప్పుడు వారానికి రెండుసార్లు పడవ వేసుకుని బర్రముండి చేపలకు గాలం వేసి కూర్చుంటాడు. చేప పడితే సంతోషం, పడకపోతే ఇంకా సంతోషం, ఎందుకంటే ఎవరితోనూ దాని గురించి మాట్లాడక్కర్లేదు.

భ్రమరాంబ తండ్రి కోటయ్య రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. పని దిగాక బుర్రకథ చెప్పేవాడు. ఎర్రజెండా పార్టీ సభ ఎక్కడ పెట్టినా కోటయ్య దళం కథ ఉండాల్సిందే. బుర్రకథంటే ముగ్గురి పని. నడుమ తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకి అందెలు తొడుక్కుని, ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ కథ నడిపేవాడు కథకుడు. చెరో పక్కా గుమ్మెటలు వాయిస్తూ తందాన పాడేవాళ్ళు వంతలు. ఆ ఇద్దరిలో ఒకడు రాజకీయం, జరిగినదాన్ని జనానికి విడమరిచి చెబుతాడు. రెండోవాడు హాస్యం. కథకుడు ఎంత ఎత్తుకి ఎగిరినా చొక్కా పట్టుకుని కిందకి లాగడం వాడి పని.

కోటయ్య దళంలో హాస్యం చెప్పేవాడు ఒకసారి కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. సభ తెల్లారితే ఉంది. మాటలన్నీ కంఠతా వచ్చిన మనిషి ఇంకెవరూ లేక కోటయ్య తన కూతురి మెడలో గుమ్మెట వేశాడు. ఆ సభకి ముఖ్య అతిథి జిల్లా నాయకుడు. ప్రతిచోటికీ రెండు గంటలు ఆలస్యంగా రావడం ఆయన ప్రత్యేకత. కథ మధ్యలో కోటయ్య, "ప్రజల కోసం పుట్టిన నాయకుడు, ప్రజల వెనకే నడిచే నాయకుడు" అని రాగం తీశాడో లేదో, పిల్ల గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి, "వెనకే నడుస్తాడు కాబట్టే నాన్నా, మనమంతా వచ్చిన రెండు గంటలకి వచ్చాడు" అంది. కాగితం మీద లేని మాట అది. కోటయ్య గుండె ఆగినంత పనైంది. ముందు నవ్వినవాడు ఆ నాయకుడే. ఆ తర్వాత ఆయన ఏ సభకైనా టైముకి వచ్చేవాడని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు.

ఇంటికొచ్చాక కోటయ్య కూతుర్ని తిట్టలేదు. అన్నం కలిపి పెడుతూ ఒక్క మాట చెప్పాడు. "కథకుడు పొగుడుతాడు, రాజకీయం వివరిస్తాడు, హాస్యం అడుగుతాడే అమ్మాయ్. ఆ మూడోవాడి నోరు కట్టేస్తే ఇంక మిగిలేది భజనే."

పెళ్ళయ్యేదాకా భ్రమరాంబే ఆ దళానికి హాస్యం. పెళ్ళయ్యాక విశాఖ, ఆ తర్వాత డార్విన్. తండ్రి పోయాక తను వాయించిన దళం గుమ్మెట ఆవిడ వంతుకి వచ్చింది. దాన్ని చీరల మధ్య చుట్టుకుని తెస్తే, విమానాశ్రయంలో మేకతోలు అని పక్కన పెట్టి, ఏదో మందు కొట్టి, కొన్ని వారాలకి ఇంటికి పంపించారు. అప్పట్నుంచి దానికి ఆసుపత్రి వాసన. "నాకన్నా ముందు దానికే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది" అని ఆవిడ మొగుడితో అంది. కేశవరావు నవ్వాడు. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఊగుతాయి.

డార్విన్‌లో ఆవిడ హాస్యానికి నవ్వింది ఆ భుజాలే. మొదట్లో ఆసుపత్రి టీ గదిలో ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది. తెలుగులో బుర్రలో మెరిసిన మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి వాళ్ళు జాలిగా చూసి, "ఆర్ యూ ఓకే, లవ్?" అన్నారు. కూతురు గీతిక స్నేహితులొచ్చినప్పుడు ఏదో అంటే, గీతిక దాన్ని వాళ్ళకి విడమరిచి చెప్పాల్సొచ్చింది. విడమరిచి చెప్పిన జోకు చల్లారిన పెసరట్టు, ఎవరికీ సహించదు. గీతిక పెళ్ళై సిడ్నీలో కెల్లీవిల్ వెళ్ళిపోయింది. భ్రమరాంబ టీ, కాఫీ దగ్గర ఆగిపోయింది. దానికి ఆవిడ పైకి బాధపడలేదు కానీ, లోపల మాత్రం తనలో సగం మనిషిని ఏ విమానంలోనో మర్చిపోయి దిగినట్టు ఉండేది.

ఇలా ఉండగా ఒక ఏడాది వానలు వెనకపట్టి, డార్విన్ జనమంతా కుర్చీలు ఆరుబయట వేసుకునే రోజుల్లో, ఆవిడ వార్డుకి ఒక పెద్దాయన మోకాలి ఆపరేషన్ కోసం వచ్చాడు. డార్విన్‌కి ఉత్తరాన సముద్రం దాటితే లొమారా అని చిన్న దీవుల దేశం ఉంది. దానికి ఆయన మాజీ అధ్యక్షుడు. అంతకుముందు కమ్యూనిస్టు గెరిల్లా సైన్యానికి కమాండర్. పేరు రెలాకు. పదవి దిగి ఏళ్ళు గడిచినా అందరూ కమాండర్ అనే పిలుస్తారు. వార్డులో మంచాన్ని కూడా వీపు గోడకి ఆనేలా, తలుపు కనబడేలా తిప్పించుకున్నాడు. అడవి అలవాటు.

ఆయన భోజనం చీటీ మీద 'చేప వద్దు' అని రాసి ఉంది. దీవుల మనిషి చేప తినకపోవడం భ్రమరాంబకి మింగుడు పడలేదు. గోంగూర వద్దనే గుంటూరువాణ్ణి చూసినట్టుంది. రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోనాడు ట్రే మూత తీస్తూ అడిగేసింది.

"యూ ఐలాండ్ మ్యాన్. వై నో ఫిష్? ఎలర్జీ?"

ఆయన ఆవిడ కళ్ళలోకి చూసి, ఇంగ్లీషులోనే మెల్లగా చెప్పాడు. "నేను ఒకప్పుడు చాలా చేపల్ని చంపాను సిస్టర్. మళ్ళీ వాటి మొహం చూడలేను."

అక్కడ మొదలైంది. రోజుకింత చొప్పున ఆయన తన కథ చెప్పుకొచ్చాడు. ఆయన తల్లి కొబ్బరి కురిడీలు ఎండబెట్టే కూలి. తోటలన్నీ పరాయి కంపెనీవి. రేవులో బస్తాలు మోసే ఒక ముసలాయన అక్షరాలు నేర్పించాడు, ఎర్రజెండా చేతికిచ్చాడు. బస్తాలు మోసే మాట వినగానే భ్రమరాంబకి ఆయన మీద ఒక రకమైన చుట్టరికం పుట్టుకొచ్చింది. తర్వాత కొండలు, అడవి. తుపాకుల కన్నా మనుషులు ఎక్కువున్న దళం. ఇరవై ఏళ్ళు కంపెనీ సైన్యానికి దొరకలేదు. చివరికి వాళ్ళే అలిసిపోయి సంధికి పిలిచారు. ఎన్నికలు జరిగాయి. తుపాకీ దింపిన చేత్తోనే ప్రమాణం చేసి అధ్యక్షుడయ్యాడు.

అధ్యక్షుడైన మొదటి ఏడాది ఒక మంచి పని చేద్దామనుకున్నాడు. దేశంలో చేపల పడవలన్నీ నలుగురైదుగురు షావుకార్ల చేతుల్లో ఉన్నాయి. ఒక్క సంతకంతో పడవలన్నీ ప్రజలవి చేసేశాడు. జనం ఊరేగింపులు తీశారు. పడవలు సముద్రం మీదకి వెళ్ళి ఎన్నడూ లేనన్ని చేపలతో తిరిగొచ్చాయి. అప్పుడు తెలిసింది, ఐసు ఫ్యాక్టరీ తాళాలు పట్టుకుని షావుకార్లు పరాయి దేశం వెళ్ళిపోయారని. పడవలు ప్రజలవే, చేపలు ప్రజలవే, ఐసు మాత్రం లేదు. నెల్లాళ్ళు రాజధానంతా కంపు. అధ్యక్ష భవనం కిటికీలు మూసుకుని మంత్రివర్గం సమావేశాలు పెట్టుకుంది.

"తర్వాత?" అంది భ్రమరాంబ, ట్రే తీయడం మర్చిపోయి.

"తర్వాత రేడియోలో జనానికి క్షమాపణ చెప్పాను. ఐసు ఫ్యాక్టరీ కట్టించాను. పడవల్ని జాలర్ల సంఘాలకి అప్పగించాను. ఇప్పుడు అవి బాగానే నడుస్తున్నాయి. పదేళ్ళు పాలించి నేనే దిగిపోయాను. కానీ నా దేశంలో పిల్లలు నా పేరు వినగానే ముక్కు మూసుకుంటారు." ఆయన తన ముక్కు మూసుకుని చూపించాడు.

అడవి రోజుల్లో బెనో అనే వంటవాడు ఉండేవాడని ఇంకో రోజు చెప్పాడు. దళంలో అందరూ కమాండర్ ఎదుట నిటారుగా నిలబడితే, బెనో మాత్రం గరిటె ఊపుతూ వచ్చి, "కమాండర్, నీ ప్లాను నా గంజికన్నా పలచగా ఉంది" అనేవాడట. చాలాసార్లు ఆ మాటే దళాన్ని కాపాడిందట.

భ్రమరాంబ మొహం వెలిగిపోయింది. వచ్చీ రాని ఇంగ్లీషులో, చేతులతో, మంచం అంచు మీద గుమ్మెట దరువు వేస్తూ బుర్రకథ అంటే ఏమిటో, ముగ్గురు ఎవరో చెప్పింది. "యువర్ బెనో, హాస్యం. సేమ్ టు సేమ్. నంబర్ త్రీ మ్యాన్" అంది. "ఇప్పుడు బెనో ఎక్కడ?"

"దూరంగా ఉన్నాడు" అని కమాండర్ టీ అడిగాడు.

ఆయన ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇంటికి వెళ్ళేలోగా డార్విన్‌లో ఉన్న లొమారా వాళ్ళు ఆయనకి సన్మానం పెట్టుకున్నారు. ఊళ్ళోని మిగతా దేశాల వాళ్ళూ తలా ఒక ఆటో పాటో తెస్తామన్నారు. ఆ ఏర్పాట్లు చూస్తున్న నీరజ ప్రభుత్వాఫీసులో పని చేసే కర్నూలు అమ్మాయి. కమాండర్‌ని మర్యాదకి అడిగింది, మీరేమైనా చూడాలనుకుంటున్నారా అని. ఆయన వెంటనే, "నా భోజనం తెచ్చే సిస్టర్ దగ్గర ముగ్గురు కలిసి చెప్పే కథ ఒకటుందట. నా కథ అలా చెప్పించండి" అన్నాడు.

నీరజ ఆ సాయంత్రమే వచ్చి భ్రమరాంబ చేతులు పట్టుకుంది. "ఆంటీ, మీరు ఆర్టిస్టని ఇన్నేళ్ళూ చెప్పనేలేదే. ఐ యామ్ సో యాంగ్రీ విత్ యూ."

కథకుడిగా తెలుగు సంఘం అధ్యక్షుడు డాక్టర్ ద్వారకానాథ్ కుదిరాడు. వరంగల్ మనిషి, కిడ్నీల డాక్టరు, గొప్ప గొంతు. కాలేజీలో నాటకాలాడిన రోజులు తల్చుకుని ఇప్పటికీ షవర్ కింద పాడతాడని భార్య చెబుతుంది. రాజకీయం వంతకి నీరజ. కథంతా ఇంగ్లీషులో విడమరిచి చెప్పడం ఎలాగూ ఆవిడకి ఆఫీసులో అలవాటే. హాస్యం భ్రమరాంబ. ఎండలో వేడెక్కిన గుమ్మెట తోలు బిగిసి ఖంగుమంది. రిహార్సల్ మొదటి రోజు ఆవిడ చెయ్యి పడగానే డాక్టరు తంబురా ఆపి, "అరె, ఏం వాయిస్తున్నవక్కా" అని నోరు తెరిచాడు. ఆ రోజంతా ఆవిడ కాళ్ళు నేల మీద లేవు.

ఆ సంతోషం చేపల దాకానే. ఐసు లేని కథ వచ్చే చోట భ్రమరాంబ తన మాట అందుకోగానే నీరజ పగలబడి నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు. నవ్వేసి తంబురా కింద పెట్టాడు.

"అక్కా, ఈ చేపల ముచ్చట తీసేద్దాం."

"ఎందుకండీ? ఆయనే కదా చెప్పింది."

"ఆయన వార్డుల నీకు చెప్పుడు వేరే, మనం స్టేజీ మీద ఆయన ముంగట చెప్పుడు వేరే. వాళ్ళ దేశం కాన్సల్ వస్తున్నడు, ఇక్కడి మినిస్టర్ వస్తున్నడు, వాళ్ళ కమ్యూనిటీ అంత ఉంటది. దేశానికి స్వతంత్రం తెచ్చిన మనిషి ఆయన. మనకు ఫన్నీ అనిపించింది వాళ్ళకు ఇన్సల్ట్ అయితే రేపు ఏం మొకం పెట్టుకొని తిరగాలె? నువ్వు తందాన పాడు, గుమ్మెట దంచు, చాలు. డిన్నర్ల కూడ చేప వద్దని చెప్పిన."

నీరజ గొణిగింది. "ప్రోటోకాల్ లెక్కన చూస్తే కొంచెం రిస్కే ఆంటీ."

భ్రమరాంబ తండ్రి మాట నోటిదాకా వచ్చింది. కానీ దాని వెనకే టీ గదిలో జాలి చూపులు కూడా వచ్చాయి. ఒకవేళ నిజంగానే ఎవరూ నవ్వకపోతే? అంతమంది ముందు అది కూడా పోతే ఇంక తన దగ్గర ఏం మిగులుతుంది? "సరేనండి" అంది. ద్వారకానాథ్ చెడ్డవాడు కాదు, పెద్దమనుషులంటే కొంచెం బెదురు, అంతే. ఆవిడకి ఆయన మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది.

ఇంటికొచ్చి కేశవరావుకి జరిగింది చెప్పింది. ఆయన చేపలు శుభ్రం చేస్తూ అంతా విన్నాడు.

"ఆ మాటేంటో నాకు చెప్పు" అన్నాడు.

చెప్పింది. కేశవరావు చేతిలో చేప సింకులో జారిపడింది. భుజాలు ఊగాయి. ఊగి ఊగి, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన గొంతులోంచి నవ్వు చప్పుడు బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "మర్చిపోకు" అని మళ్ళీ చేప అందుకున్నాడు.

సన్మానం నాటి సాయంత్రం సముద్రం ఒడ్డున పచ్చిక మీద వేదిక. గాలి చల్లగా వీస్తోంది. ముందు వరసలో కమాండర్, చేతికర్ర మీద రెండు చేతులు పెట్టుకుని, కుర్చీ వెనక స్తంభం ఉండేలా చూసుకుని కూర్చున్నాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళు నాట్యం చేశారు, గ్రీకులు చేశారు, లొమారా పిల్లలు పాడారు. అప్పుడు ఎర్ర తలపాగాలు చుట్టుకుని మనవాళ్ళు ముగ్గురూ ఎక్కారు. ద్వారకానాథ్ అందెలు ఘల్లుమనగానే డార్విన్ తెలుగువాళ్ళంతా ఈలలు వేశారు.

"కొండలు దాటీ కోనలు దాటీ కమాండరొచ్చాడూ" అని ఆయన ఎత్తుకున్నాడు.

"తందాన తాన" అన్నారు వంతలు.

"కొబ్బరితోటల కూలిబిడ్డలను కూడగట్టినాడూ..."

"తందాన తాన."

బాగానే పాడాడు, కాదనకూడదు. తల్లి ఎండలో కురిడీలు తిరగేసే ఘట్టంలో లొమారా ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అడవిలో యుద్ధం వచ్చినప్పుడు భ్రమరాంబ గుమ్మెట ఉరుములు ఉరిమింది. నీరజ ముక్క ముక్కకీ ఆగి ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. ప్రమాణ స్వీకారం అయింది. చప్పట్లు మోగాయి. ద్వారకానాథ్ ఒక్క అడుగు ముందుకేసి, "పదేళ్ళు చల్లగా ఏలీ, పదవిని తానే వదిలాడూ" అని పదేళ్ళనీ ఒక్క దూకులో దాటేశాడు. భ్రమరాంబ చెయ్యి గుమ్మెట మీద పడాల్సిన చోట పడలేదు. తాళం తప్పింది.

ముందు వరసలో చేతికర్ర పైకి లేచింది.

"డాక్టర్, ఒక్క నిమిషం" అన్నాడు కమాండర్. "నా చేపలేవి?"

ద్వారకానాథ్ నీళ్ళు నమిలాడు. ఆయన మొహం తలపాగా రంగుకి తిరిగింది.

"ముగ్గురు చెప్పే కథ అన్నారు. నేను ఇందాకట్నుంచి ఇద్దరి గొంతులే వింటున్నాను. మూడో మనిషి నాకు రోజూ భోజనం పెట్టింది, ఆవిడకి మాటలొచ్చని నాకు తెలుసు." ఆయన కర్ర భ్రమరాంబ వైపు తిరిగింది. "సిస్టర్, అడగండి."

భ్రమరాంబ జనంలో కేశవరావు ఎక్కడున్నాడా అని చూసింది. ఆయన వెనక వరసలో లేచి నిలబడి ఉన్నాడు. భుజాలు అప్పుడే ఊగడం మొదలుపెట్టాయి, ఏం రాబోతోందో ఆయనకి తెలుసు కాబట్టి. అది చూడగానే ఆవిడకి భట్టిప్రోలు గుర్తొచ్చింది, మెడలో గుమ్మెట బరువు గుర్తొచ్చింది. తోలు మీద ఒక్కటి చరిచింది.

"మిస్టర్ కమాండర్" అంది. నీరజ కోసం ఆగలేదు. తన ఇంగ్లీషులోనే అందుకుంది. "ట్వంటీ ఇయర్స్ యూ హైడ్ ఇన్ జంగిల్. బిగ్ ఆర్మీ కమ్, హెలికాప్టర్ కమ్, నోబడీ ఫైండ్ యూ. వెరీ గుడ్." గుమ్మెట మీద ఇంకొకటి వేసింది. "బట్ దట్ వన్ మంత్, ఫిష్ స్మెల్ కమ్. దెన్ వేర్ యూ హైడ్?"

ఒక్క క్షణం గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆ క్షణం ఆవిడకి ఎంత పొడుగ్గా తోచిందో చెప్పలేం. తర్వాత లొమారా వాళ్ళ వరసల్లో ఒక ముసలావిడ కెవ్వున నవ్వింది. నవ్వి, రెండు వేళ్ళతో ముక్కు మూసుకుంది. వెంటనే ఆ వరసలన్నీ ముక్కులు మూసుకుని ఊగిపోయాయి. నవ్వు తెలుగువాళ్ళని అంటుకుంది, ఫిలిప్పీన్స్ వాళ్ళని అంటుకుంది, మంత్రిగారి దాకా వెళ్ళింది. ఆవిడ మాటని ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పలేదు. భ్రమరాంబకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం చెవులదాకా విచ్చుకుంది.

కమాండర్ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా కూర్చుని అప్పుడు జవాబిచ్చాడు.

"పార్లమెంటులో దాక్కున్నాను సిస్టర్. అక్కడ తేడా తెలియలేదు."

ఇంక ఆపడం ఎవరి తరం కాలేదు. కాన్సల్ అయితే కుర్చీలోంచి జారిపోయాడు. అంతా కొంచెం తేరుకున్నాక కమాండర్ కర్ర ఆనుకుని లేచి నిలబడ్డాడు. ఈసారి మెల్లగా మాట్లాడాడు.

"ఈవిడ నన్ను బెనో ఎక్కడని అడిగింది. నేను మాట మార్చాను. అడవిలో నా తప్పుని నా మొహం మీదే చెప్పినవాడు బెనో ఒక్కడే. అధ్యక్షుణ్ణయ్యాక నాకు మర్యాద అలవాటైంది. విదేశీ అతిథుల ముందు వాడు గరిటె ఊపుతాడేమోనని భయం వేసింది. చాలా గౌరవంగా, బాజాలతో, మంచు కురిసే దేశానికి వాణ్ణి రాయబారిగా పంపేశాను. వాడు వెళ్ళిన రెండో నెలలో పడవల మీద సంతకం పెట్టాను. బెనో పక్కనుంటే ఒకే మాట అనేవాడు, ఐసేదీ అని." ఆయన ద్వారకానాథ్ వైపు చూసి నవ్వాడు. "మీ మీద నాకు కోపం లేదు డాక్టర్. మీరు నన్ను కాపాడాలనుకున్నారు. నేనూ నన్ను అలాగే కాపాడుకున్నాను."

ద్వారకానాథ్ తంబురా సవరించుకుని, మైకు దగ్గరికి వచ్చి, "అక్కా, ప్రమాణ స్వీకారం కాడికెళ్ళి మల్ల మొదలువెడ్తున్న. నువ్వు అడుగు" అన్నాడు. ఈసారి కథలో చేపలు వచ్చాయి, కంపు వచ్చింది, రేడియోలో క్షమాపణ వచ్చింది, ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. ప్రతి మలుపులోనూ హాస్యం అడ్డం పడింది. ద్వారకానాథ్‌ని కూడా వదల్లేదు. "కిడ్నీల డాక్టరుగారికి నీళ్ళు తాగమని అందరికీ చెప్పడం తెలుసు కానీ, ఇందాక ఆయన గొంతే ఎండిపోయింది" అంది తెలుగులో. తెలుగువాళ్ళు నవ్వారు, మిగతావాళ్ళు వాళ్ళని చూసి నవ్వారు. అధ్యక్ష పదవి దిగిపోయే ఘట్టానికి వచ్చేసరికి లొమారా వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తప్పు తెలిసిన తర్వాత ఆ దిగిపోవడం ఇంకా ఎత్తుగా కనిపించింది.

డిన్నర్ దగ్గర కోడికూర ఉంది, మేకమాంసం ఉంది, డాక్టరు చెప్పినట్టే చేప లేదు. కమాండర్ పళ్ళెం పట్టుకుని అంతా చూసి భ్రమరాంబని పిలిచాడు.

"మీ ఆయన చేపలు పడతాడన్నారు కదా?"

కేశవరావు కారు డిక్కీలో పులుసు గిన్నె ఉంది. బల్లలు మోసిన కుర్రాళ్ళ కోసం అని తెచ్చాడు. నిజానికి పెళ్ళాం వేదిక మీంచి సంతోషంగా దిగినా ఏడుస్తూ దిగినా ముందు ఆవిడకి పెట్టాలని తెచ్చాడు. చింతపండు వేసి, మెంతులు తగలనిచ్చి వండిన బర్రముండి పులుసు. కమాండర్ కార్ల దగ్గరికే నడిచొచ్చి, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈసారి వెనక స్తంభం ఉందా లేదా అని చూసుకోలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"తాజాగా ఉంది" అన్నాడు చివరికి. "నిన్న పట్టారా?"

కేశవరావు డిక్కీలోంచి, చేపలు చల్లగా దాచుకునే తన ఎస్కీ పెట్టె లాగి మూత తీశాడు. అంచుల దాకా ఐసు. "ఫస్ట్ ఐస్ సర్" అన్నాడు. "దెన్ ఓన్లీ బోట్."

కమాండర్ పులుసు పొలమారి దగ్గేదాకా నవ్వాడు. భ్రమరాంబ మొగుణ్ణి వింతగా చూసింది. హాస్యం ఈయనకి ఎప్పుడు అంటుకుందో ఆవిడకి అర్థం కాలేదు.

నవ్వు తగ్గాక కమాండర్ ఫోను తీసి, ఎక్కడో మంచు దేశంలో స్థిరపడిపోయిన బెనోకి కలిపాడు. అవతల ముసలి గొంతు నిద్ర మత్తులో పలికింది. కమాండర్ తమ భాషలో ఏదో చెప్పాడు, ముక్కు మూసుకుని చెప్పాడు, చేప అన్నాడు, సిస్టర్ అన్నాడు. అవతలి గొంతు ఒక్కసారిగా మేలుకుంది. కమాండర్ ఫోను భ్రమరాంబ చేతికిచ్చి, "మీతో మాట్లాడాలట" అన్నాడు.

బెనో ఇంగ్లీషు భ్రమరాంబ ఇంగ్లీషు కన్నా ఏమంత మెరుగు కాదు. ఇద్దరికీ అది అడ్డు రాలేదు. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని కారు చుట్టూ తిరుగుతూ మాట్లాడింది. మధ్యమధ్యలో ఆగి కమాండర్ వైపు చూసేది, మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వేది. అవతల నవ్వు ఇవతలికి వినబడుతోంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఇద్దరు మగవాళ్ళూ ఎదురుచూశారు.

"ఏమంటున్నాడు?" అన్నాడు కమాండర్ ఇంక ఆగలేక.

"అబౌట్ యూ ఓన్లీ" అంది భ్రమరాంబ. "మచ్ మోర్ దేర్ ఈజ్."

"అయితే కానివ్వండి" అని ఆయన కేశవరావు ముందుకి పళ్ళెం చాపి, ఇంకో చేప ముక్క వేయించుకున్నాడు.